దిగకుండా తొక్కాలనుకున్న పన్నెండు రోజులు

బయల్దేరే ముందు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. హిమాచల్‌లోని మనాలి నుంచి లద్దాఖ్‌లోని లేహ్ దాకా ఎక్కడా సైకిల్ దిగి నెట్టకూడదు. ఆగొచ్చు, అలుపు తీర్చుకోవచ్చు, అంతేగానీ నడిచి ఎక్కకూడదు. ఇదెంత తలతిక్క షరతో రెండోరోజు మధ్యాహ్నానికే తెలిసొచ్చింది. అయినా ఆ సంగతి చివరిదాకా నన్ను వదల్లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

రోహ్‌తాంగ్ మీదుగా పాత దారిలో వెళ్తే దాదాపు 475 కిలోమీటర్లు. మధ్యలో ఐదు కనుమలు: రోహ్‌తాంగ్, బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, తంగ్లాంగ్ లా. మొదటిది నాలుగు వేల మీటర్లకు కాస్త తక్కువ, చివరిది 5,328 మీటర్లు. నా సైకిల్ ముందువైపు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మామూలు ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్. ముందు ఒకటే పళ్లచక్రం, 32 పళ్లు. వెనక అతిపెద్దది 51 పళ్లు. ఆ గేర్లో పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే సైకిల్ మీటరున్నర కూడా కదలదు. సామాను 14 కిలోలు, సైకిల్ ఇంకో 14. ఆగస్టు చివరి వారం. ఒక్కడినే.

ఒక్కడివే ఎందుకని చాలామంది అడిగారు. నాతోపాటు పన్నెండు రోజులు సెలవు దొరికేవాళ్లు లేకపోవడమే కారణం. అంతకు మించి ఇందులో తత్వం ఏమీ లేదు.

మొదటి రోజు: మనాలి – మఢీ, 35 కి.మీ.

మనాలిలో రెండు రాత్రులు పడుకుని, మూడో రోజు పొద్దున ఐదున్నరకి బయల్దేరాను. దేవదారు చెట్ల మధ్య రోడ్డు నున్నగా ఉంది. మొదటి గంట ఎంత హాయిగా సాగిందంటే ఇదేనా కొండెక్కడం అనిపించింది. ఏడు దాటేసరికి టూరిస్టు జీపులు మొదలయ్యాయి. అద్దంలోంచి తలలు బయటపెట్టి చప్పట్లు కొట్టేవాళ్లు కొందరు, నా వేగంతోనే పక్కన నడుపుతూ వీడియో తీసేవాళ్లు కొందరు. రెండో రకం ప్రమాదం. రోడ్డు అంచుకి నన్ను నెట్టేస్తున్నామన్న సంగతి వాళ్లకి తెలియదు.

మనాలి 2,050 మీటర్లు, మఢీ 3,300 పైనే. చెట్లు అయిపోయి పచ్చికబయళ్లు మొదలైన చోట డేరా హోటళ్లున్నాయి. మధ్యాహ్నం రెండింటికి చేరి, నాలుగింటికల్లా నిద్రపోయాను. దిగకుండానే వచ్చాను. ఆ రోజు డైరీలో ఈ మాట కింద గీత కూడా గీశాను.

రెండో రోజు: మఢీ – రోహ్‌తాంగ్ – కోక్సర్, 36 కి.మీ.

మఢీ నుంచి కనుమకి పదహారు కిలోమీటర్లే. నాలుగు గంటలు పట్టింది. రాత్రి వాన పడి మేఘం కిందికి దిగింది. ముందు చక్రం కనిపిస్తోంది, దాని ముందున్న రోడ్డు కనిపించడం లేదు. పైకి మూడు కిలోమీటర్లుందనగా కొండచరియ జారిన చోట బుల్డోజర్ మట్టి తోస్తోంది. ఆ బురదలో వెనక చక్రం ఉన్నచోటే తిరిగింది. నేను పడ్డాను. లేచి, ఇంకోసారి ఎక్కి తొక్కబోయి మళ్లీ పడ్డాను. బుల్డోజర్ డ్రైవర్ ఇంజిన్ ఆపేసి నావంక చూస్తున్నాడు. ఏమీ అనలేదు, చేత్తో మాత్రం సైగ చేశాడు: దిగి నడువు, అని. దిగి నడిచాను. పట్టుమని రెండొందల మీటర్లు కూడా ఉండదు. నా షరతుకి అక్కడే నూకలు చెల్లాయి. రోహ్‌తాంగ్ బోర్డు దగ్గర ఫోటో తీసుకోవాలని కూడా అనిపించలేదు, అంత ఉక్రోషం.

అటువైపు దిగుడు మాత్రం వేరే ప్రపంచం. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక లేహ్ వెళ్లే బండ్లన్నీ కొండ కింద నుంచే పోతున్నాయి. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, పది నిమిషాల పని. రోహ్‌తాంగ్ పైకి వచ్చేవాళ్లు చాలావరకు మంచు చూసి వెనక్కి తిరిగేవాళ్లే. కనుమ దాటాక కోక్సర్ దాకా నాకు ఎదురైనవి రెండు బండ్లు, ఒక గొర్రెల మంద. ఇరవై కిలోమీటర్లు రాళ్లు, నీళ్లు, బురద. బ్రేకులు పట్టుకునే ఉన్నాను. అవి లోపల ఏమైపోతున్నాయో అప్పుడు ఆలోచించలేదు.

మూడు, నాలుగు రోజులు: కోక్సర్ – కేలాంగ్ – దార్చా

ఈ రెండు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చంద్రా నది పక్కనే రోడ్డు, ఎండ, బంగాళదుంప పొలాలు. సొరంగం నోరు దాటగానే బండ్ల రద్దీ మళ్లీ మొదలైంది. తాండీ దగ్గర చంద్రా, భాగా కలుస్తాయి. అక్కడి నుంచి చంద్రభాగా, ఇంకా కిందికి వెళ్తే అదే చీనాబ్. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే పేరుమోసిన పెట్రోలు బంకు బోర్డు ఇక్కడిదే. మోటారుసైకిళ్ల వాళ్లు దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. నాకు కావాల్సిన పెట్రోలు పక్క హోటల్లో పళ్లెంలో వడ్డించారు, రాజ్మా, అన్నం.

కేలాంగ్‌లో ఒక రాత్రి. మర్నాడు జిస్పా మీదుగా దార్చాకి ముప్పై కిలోమీటర్లే, మధ్యాహ్నానికి అయిపోయింది. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి ఐదొందల మీటర్లకు మించి పెంచకూడదని నియమం. దార్చా 3,360 కాబట్టి అప్పటిదాకా నేను బుద్ధిమంతుణ్ణే.

ఐదో రోజు: దార్చా – జింగ్‌జింగ్‌బార్, దాదాపు 27 కి.మీ.

ఇక్కడే తప్పు చేశాను. మధ్యలో పత్సేవ్ దగ్గర ఆగిపోవాల్సింది. ఒంట్లో బాగుంది, ఎండ బాగుంది, ఇంకా ఒంటిగంటే అయింది. అలాంటప్పుడు ఆగాలంటే మనసొప్పదు. జింగ్‌జింగ్‌బార్ 4,270 మీటర్లు. అంటే ఒక్క రాత్రిలో తొమ్మిదొందల మీటర్లు పెంచేశాను.

దానికి తోడు నాలాలు. మంచు కరిగి రోడ్డు మీదుగా పారే వాగుల్ని అక్కడ నాలాలంటారు. పొద్దున పూట చీలమండ దాకా ఉండే నీళ్లు మధ్యాహ్నం ఎండకి మోకాలి దాకా వస్తాయి. మూడింటికి ఒక నాలా దగ్గర నిలబడ్డాను. అడుగున గుండ్రాళ్లు కనిపించడం లేదు, నీళ్ల చప్పుడుకి నా మాట నాకే వినపడటం లేదు. అక్కడ రోడ్డు పని చేసేవాళ్లున్నారు. ఝార్ఖండ్‌లోని దుమ్కా నుంచి వచ్చామన్నారు. ఈ రోడ్డు మీద తారు పోసేది, రాళ్లు ఏరేది చాలావరకు అటువైపు నుంచి వచ్చిన కూలీలే. వేసవికి వచ్చి మంచు పడేలోగా వెళ్లిపోతారు.

"అకేలే?" అన్నాడొకాయన, ఒక్కడివేనా అని.

"హా భయ్యా, అకేలే."

ఆయన నా సామాను సంచులు విప్పించి, ఒకటి తన భుజాన వేసుకున్నాడు. సైకిల్‌ని నీళ్లు వచ్చే వైపు కాకుండా పోయే వైపు పెట్టుకోమన్నాడు. పైవైపు పెడితే ప్రవాహం సైకిల్‌ని కాళ్ల మీదకి తోసి మనిషిని పడేస్తుందట. ఎన్ని వీడియోలు చూశానో, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. అటు ఒడ్డున సంచి దించి, నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఆయన సగం నాలా దాటేశాడు.

ఆరో రోజు: జింగ్‌జింగ్‌బార్ – బారాలాచా లా – సర్చూ, దాదాపు 58 కి.మీ.

రాత్రి నిద్ర లేదు. కళ్లు మూసుకోగానే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం, ఇదే తెల్లారేదాకా. పొద్దున తలనొప్పి, కానీ ఆకలి వేసింది, వాంతి లేదు, అడుగు తడబడలేదు. సరేలే అనుకున్నాను.

కనుమకి ముందు సూరజ్ తాల్. భాగా నది పుట్టే చెరువు అదే. ఫోటోల్లో నీలంగా కనిపిస్తుంది. నేను చూసిన పొద్దున బూడిదరంగులో, చలికి ముడుచుకుని ఉంది. పైన 4,890 మీటర్ల దగ్గర జపాన్నో కొరియానో తెలియదు గానీ, ఎదురుగా వస్తున్న సైకిల్ అతను ఆగి నా చేతిలో నాలుగు ఖర్జూరాలు పెట్టాడు. ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. తల ఊపి ఎవరి దారిన వాళ్లం దిగాం.

దిగుడులో మూడు చోట్ల బురద. భరత్‌పూర్ డేరాలు దాటాక వెనక బ్రేకు కీచుమంది. కాసేపటికి ఇనుమూ ఇనుమూ రాసుకున్న చప్పుడు. మీట నొక్కితే హ్యాండిల్‌కి తగులుతోంది. మిగతా దూరం ముందు బ్రేకు మీదే, నడక వేగంతో సర్చూ చేరాను. చీకటి పడింది.

ఏడో రోజు: సర్చూలోనే

తలనొప్పి తగ్గలేదు కాబట్టి కదలకూడదని నిర్ణయం. ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పితో ఇంకా పైకి వెళ్లి పడుకోకూడదన్నది కొండల్లో మొదటి పాఠం. మామూలుగా అయితే కిందికి దిగాలి. సర్చూతో చిక్కేమిటంటే, ఇది రెండు కనుమల మధ్య ఇరుక్కున్న బల్లపరుపు నేల. ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. ఎత్తు 4,290 మీటర్లు. ఈ దారిలో ఎక్కువమందికి ఒళ్లు పాడయ్యేది ఇక్కడే. డేరా నడిపే దీదీ రోజంతా వేడినీళ్లు పోస్తూనే ఉంది. "తలనొప్పి రేప్పొద్దుటికి పోకపోతే కిందికి వెళ్లే ట్రక్కు నేనే ఆపుతా, నీ సైకిల్ నువ్వు మళ్లీ వచ్చి తీసుకో" అని హిందీలో తేల్చి చెప్పేసింది.

ఆ రోజు చేసిన ఒకే ఒక్క పని బ్రేకు ప్యాడ్లు మార్చడం. బయల్దేరే ముందు సర్వీసింగ్‌కి ఇచ్చిన చోట కొత్త ప్యాడ్లు వేశామన్నారు. వేశారు. కానీ రెజిన్ ప్యాడ్లు. పొడి రోడ్డు మీద మెత్తగా పనిచేస్తాయి. తడి ఇసుక పట్టిందంటే గరుకు కాగితం మీద సబ్బు రుద్దినట్టే, కరిగిపోతాయి. ఈ దారికి మెటల్ ప్యాడ్లు కావాలి. చప్పుడు చేస్తాయి గానీ నిలుస్తాయి. ఏ రకం వేశారని అడగకపోవడం నా పొరపాటే. అదృష్టం కొద్దీ విడిగా కొని తెచ్చుకున్న జత మెటల్‌వి.

చక్రం తీసి, సైకిల్ బోర్లా వేసి, డేరా వాకిట్లో కూర్చున్నాను. ప్యాడ్లని పట్టి ఉంచేది అగ్గిపుల్లంత సన్నటి పిన్ను. దాని తోక వంచి ఉంటుంది. అది తిన్నగా చేసి లాగాలి. చేతులు కొంకర్లు పోతున్నాయి. పట్టకారుతో నిటారు చేశాను, లాగాను, అది ఎగిరి గులకరాళ్లలో పడింది. పాత ప్యాడ్లు బయటికి వచ్చాయి. ఒక దానిమీద రాపిడి పొర పూర్తిగా పోయి, కింది ఇనుపరేకు అద్దంలా మెరుస్తోంది. రెండోదానికి గోరంత ముక్క మిగిలింది. లోపలి పిస్టన్లని టైరు లీవరుతో నెమ్మదిగా వెనక్కి తోశాను. కొత్త ప్యాడ్ల మందానికి చోటు కావాలి కదా. స్ప్రింగు మధ్యలో పెట్టి, రెండు ప్యాడ్లూ కలిపి పట్టుకుని లోపలికి దూర్చాను. ఇక పిన్ను.

గంటసేపు వెతికాను. దీదీ వెతికింది, వాళ్లబ్బాయి వెతికాడు, చివరికి ఎవరో ట్రక్కు క్లీనరు కూడా మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. దొరకలేదు. ఆ క్లీనరే లేచి వెళ్లి డేరా తాడు బిగించడానికి చుట్టిన ఇనుప తీగ చివర కత్తిరించి తెచ్చాడు. రెండు పేటలుగా మడిచి దూర్చి, రెండు కొసలూ మెలిపెట్టాం. సాయంత్రం డేరా చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టి చూశాను. ఆగుతోంది. తలనొప్పి కూడా ఆ వెతుకులాటలో ఎప్పుడు తగ్గిందో చూసుకోలేదు.

ఎనిమిదో రోజు: సర్చూ – గాటా లూప్స్ – నకీ లా – విస్కీ నాలా

పాతిక కిలోమీటర్లు నది పక్కనే వెళ్లాక గాటా లూప్స్. ఒకే కొండ మీద 21 మెలికలు. ఒక్కో మలుపుకీ అంకె ఉన్న బోర్డు ఉంటుంది. అది మేలో కీడో తేల్చుకోలేకపోయాను. పదకొండో బోర్డు చూసి ఇంకా పదున్నాయా అని ఏడుపొచ్చింది. పదిహేడు చూసి అప్పుడేనా అనిపించింది.

పైకి వెళ్లే దారిలో నీళ్ల సీసాలు గుట్టగా పోసిన చిన్న గుడిలాంటిది ఉంది. బండి చెడిపోతే డ్రైవరు సాయం కోసం వెళ్లాడని, కాపలా ఉన్న జబ్బుపడిన క్లీనరు మంచులో చిక్కుకుని దాహంతో చనిపోయాడని డ్రైవర్లు చెబుతారు. అందుకే వెళ్లేవాళ్లు నీళ్లు పెట్టి పోతారు. నిజానిజాల సంగతి పక్కన పెడితే, ముందురోజు ఒక క్లీనరు తీగ కత్తిరించి ఇచ్చాక ఊరికే దాటి వెళ్లబుద్ధి కాలేదు. నా దగ్గరున్న రెండు సీసాల్లో ఒకటి సగం ఉంది. పెట్టాను. నకీ లా దాకా ఆ సగం సీసా గురించే ఆలోచించాను, అది వేరే విషయం.

పందొమ్మిదో మలుపు నుంచి దిగి నెట్టాను. ఈసారి ఉక్రోషం రాలేదు.

తొమ్మిదో రోజు: లాచులుంగ్ లా – పాంగ్

5,065 మీటర్లు. ఎక్కాను, చలికి వణికాను, దిగాను. దిగుడులో గాలికి అరిగి స్తంభాల్లా నిలబడ్డ మట్టి కొండలు అద్భుతం. కానీ నా చూపంతా వెనక చక్రం దగ్గరున్న తీగ మీదే. ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఆగి మెలి చూసుకున్నాను. పాంగ్‌లో సైన్యం శిబిరం, వరసగా డేరాలు. రెండు ప్లేట్ల మ్యాగీ, పన్నెండు గంటల నిద్ర.

పదో రోజు: పాంగ్ – మోరే మైదానం – డెబ్రింగ్, దాదాపు 45 కి.మీ.

పాంగ్ దాటగానే నాలుగైదు కిలోమీటర్ల ఎక్కుడు. అది ఎక్కితే 4,700 మీటర్ల ఎత్తున నలభై కిలోమీటర్ల బల్లపరుపు నేల. నల్లటి తారురోడ్డు తాడు లాగినట్టు ఉంటుంది. అందరూ ఇదే సుఖమైన రోజు అన్నారు. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. కొండెక్కేటప్పుడు మలుపు తర్వాత మలుపు ఉంటుంది, మనసుకి ఏదో ఒక పని ఉంటుంది. ఇక్కడ గంట తొక్కినా ఎదురుగా ఉన్న కొండ అంతే దూరంలో ఉంది. పదకొండు గంటలకి గాలి లేచింది, పక్కనుంచి. సంచులు తెరచాపల్లా గాలి పట్టేశాయి. సైకిల్‌ని గాలివైపు వంచి తొక్కాల్సి వచ్చింది. ట్రక్కు పక్కనుంచి పోయిన క్షణం గాలి ఆగి, సైకిల్ ఒక్కసారిగా అటు పడబోయేది. రెండోసారి అలా అయ్యాక ట్రక్కు చప్పుడు వినపడితే చాలు, కాలు కింద పెట్టేశాను.

దూరంగా కియాంగ్‌ల గుంపు. అడవి గాడిదలంటే బావుండదు గానీ, అవే. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట. నేను ఆగితే అవీ ఆగి చూశాయి. కదిలితే నాతో సమానంగా కాసేపు పరిగెత్తి, విసుగొచ్చినట్టు వెళ్లిపోయాయి.

పదకొండో రోజు: తంగ్లాంగ్ లా – రుమ్‌త్సే

ఈ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో ఇంచుమించు సగం. లెక్కగా ఇది తెలుసు. ఒంటికి తెలిసింది మాత్రం నీళ్లు తాగినప్పుడు. రెండు గుక్కలు తాగేంతసేపు ఊపిరి బిగబడితే, తర్వాత నిమిషం సేపు ఎగశ్వాస. తాగడం కూడా ఆగి చేయాల్సిన పనైపోయింది.

వంద తొక్కులు, ఆగడం. తర్వాత యాభై తొక్కులు, ఆగడం. ముప్పైకి వచ్చాక సైకిల్‌కున్న వేగం మీటరు చూశాను. తొక్కేటప్పుడు గంటకి ఐదు కిలోమీటర్లు. ఆగిన సమయం కూడా కలిపి చూస్తే మూడు. దిగి నెట్టుకుంటూ ఆగకుండా నడిస్తే అదీ మూడే. పదిరోజుల క్రితం పెట్టుకున్న షరతు ఖరీదు ఇక్కడ సున్నా అన్నమాట. కానీ నడిచేటప్పుడు తల పైకెత్తొచ్చు. తొక్కేటప్పుడు నాకు కనిపించింది ముందు టైరు, దాని పక్కన మీటరు రోడ్డు. నడుస్తూ చూస్తే వెనక నిన్నటి మైదానం మొత్తం, దాని మీద పాకుతున్న మేఘాల నీడలు, సూదిమొనంత ట్రక్కు ఒకటి. చివరి నాలుగు కిలోమీటర్లలో ఎంత తొక్కానో ఎంత నడిచానో లెక్క పెట్టుకోలేదు.

పైన బౌద్ధుల ప్రార్థన జెండాల తాళ్లు తెగిపోతాయా అన్నంత గట్టిగా కొట్టుకుంటున్నాయి. ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. దిగుడు ముప్పై కిలోమీటర్లు. మూడుచోట్ల ఆగి వేళ్లు చంకల్లో పెట్టుకున్నాను, బ్రేకు మీట నొక్కుతున్నానో లేదో వేళ్లకి తెలియడం లేదు కాబట్టి. తీగ నిలబడింది. రుమ్‌త్సేలో ఐదు రోజుల తర్వాత మొదటి చెట్టు చూశాను. ఇంట్లో చోటిచ్చిన పెద్దావిడ "జూలే" అని లద్దాఖీలో పలకరించి, నా చేతులు చూసి, ముందు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తర్వాత పేరడిగింది.

పన్నెండో రోజు: రుమ్‌త్సే – ఉప్షీ – లేహ్, 80 కి.మీ.

ఉప్షీ దాకా ముప్పై కిలోమీటర్లు దిగుడే. ఊదా, నాచు రంగు రాళ్ల మధ్య ఇరుకు లోయ, కోతకొచ్చిన బార్లీ మళ్లు. ఊపిరి నిండా అందుతోంది. కాళ్లకి ఎక్కడలేని బలం వచ్చింది. ఉప్షీ దగ్గర సింధు నది కలిసింది. మట్టిరంగులో, తొందరేమీ లేనట్టు పోతోంది. కారూ, ఠిక్సే, షే దాటేసరికి మూడయింది.

చోగ్లామ్‌సర్ నుంచి లేహ్ ఊళ్లోకి ఎక్కుడు ఉంది. చివర్లో ఇదొకటి ఉంటుందని ఎవరూ చెప్పరు. పెద్దదేం కాదు, తొక్కగలను. ఎదురుగా బళ్లు, హారన్లు, పొగ. ఇంకో అరగంటలో అయిపోతుందని తెలుస్తోంది. దిగాను. హ్యాండిల్ పట్టుకుని పక్కనే నడవడం మొదలుపెట్టాను.

యూనిఫాంలో ఉన్న పిల్లాడొకడు బడి నుంచి వస్తూ కాసేపు నాతో నడిచాడు. సంచులు చూశాడు, బురద చూశాడు, వంగి వెనక చక్రం దగ్గరి తీగ చూశాడు.

"ఖరాబ్ హో గయా?" అన్నాడు జాలిగా.

"నహీ" అన్నాను.

నమ్మలేదు. మలుపు దాకా వెనకనుంచి సైకిల్ తోస్తూనే వచ్చాడు.